పిల్లల పుస్తకాల సమీక్షలు ఎవరి కోసం రాస్తున్నారు?

నిద్రగన్నేరు
మా ఇంట్లో చదివేవాళ్లు ఇద్దరు. అమ్మాయికి పదమూడు, పిల్లాడికి ఏడు. కొత్త పుస్తకాలు కొనేముందు నాలుగు సమీక్షలు చదువుదామని కూర్చుంటే విసుగొచ్చేస్తోంది. ఏది తెరిచినా ఒకటే వరస. ముప్పావు వంతు కథ చెప్పేస్తారు, ముగింపుతో సహా. తర్వాత "ఈ పుస్తకం స్నేహం విలువను చాటిచెబుతుంది" అని ఒక వాక్యం. ఆపైన "బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి". చివర "పిల్లలంతా తప్పక చదవాల్సిన పుస్తకం". పేర్లు తీసేస్తే ఏ సమీక్షనైనా ఏ పుస్తకానికైనా అతికించుకోవచ్చు.

నాకు కావలసింది వేరు. అక్షరాలు ఎంత సైజులో ఉన్నాయి? పేజీకి నాలుగు లైన్లా, ఇరవయ్యా? వాడంతట వాడు చదువుకోగలడా, నేను పక్కన కూర్చుని చదవాలా? పడుకునే ముందు చదివితే భయపడతాడా? అమ్మాయి పుస్తకమైతే మొదటి యాభై పేజీలు చకచకా సాగుతాయా, ఈడుస్తాయా? ఇవి ఎవరూ రాయరేం? రాసేవాళ్లుంటే చెప్పండి.

గడియారంముల్లు
నూటికి నూరుపాళ్లు నిజం. "చక్కని నీతి" అన్న మాట కనపడగానే నేను చదవడం ఆపేస్తా.

పాతసంచిక
కాస్త అవతలి వైపు నుంచి కూడా చూడండి. పత్రికలకు పిల్లల పుస్తకాల మీద రాస్తుంటాను. పెద్దల నవలకు పేజీ ఇస్తే పిల్లల పుస్తకానికి ఓ మూల ఇస్తారు, అదీ నాలుగు పుస్తకాలకు కలిపి. అందులో కథ చెప్పకపోతే "ఇంతకీ పుస్తకం దేని గురించి?" అని అడుగుతారు. ఇంకో సంగతి. పిల్లల కోసం రాసేవాళ్లే తక్కువ. కొత్తవాళ్ల మొదటి పుస్తకాన్ని చీల్చి చెండాడితే రెండోది రాయరు. అందుకే బాగాలేని పుస్తకం జోలికి వెళ్లకుండా ఊరుకోవడం నా పద్ధతి.

నిద్రగన్నేరు
పాతసంచిక గారూ, మీరు ఊరుకుంటే మాకెలా తెలుస్తుంది? బాగాలేక రాయలేదా, చేతికి అందక రాయలేదా?

కాగితప్పడవ
నేను పిల్లలకు రాస్తాను కాబట్టి రచయితల తరఫున ఒక మాట. పొగడ్తలు వచ్చిన రోజు బాగానే ఉంటుంది, మర్నాటికి ఏమీ మిగలదు. నా పుస్తకం మీద వచ్చిన వాటిలో నేను దాచుకున్నది ఒకటే. అందులో ఆయన నాలుగో అధ్యాయంలోని ఒక సంభాషణ మొత్తం ఎత్తి రాసి, "తొమ్మిదేళ్ల పిల్ల అలిగినప్పుడు ఇంత పొడుగు వాక్యం మాట్లాడదు" అన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించానా లేదా అన్నది పక్కన పెట్టండి. ఆ మనిషి నా పుస్తకం చదివాడు! పిల్లలు ఎలా మాట్లాడతారో ఆలోచించాడు! మమ్మల్ని అంత సుకుమారంగా చూసుకోనక్కర్లేదు. పెద్దల నవలను ఎంత శ్రద్ధగా తరచి చూస్తారో మమ్మల్నీ అలాగే చూడండి, చాలు.

వెన్నెలపిట్ట
కాగితప్పడవ గారు "చదివాడు" అన్నారు చూడండి, అసలు విషయం అదే. చదవకుండా తీర్పు చెప్పడం ఈనాటిది కాదు. మారిస్ సెండాక్ బొమ్మల పుస్తకం 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' 1963లో వచ్చింది, 1964లో అమెరికాలో బొమ్మల పుస్తకాలకు ఇచ్చే కాల్డికాట్ పతకం గెలుచుకుంది. 1969లో బ్రూనో బెటెల్‌హైమ్ అనే పేరుమోసిన మనస్తత్వవేత్త ఒక మహిళల పత్రికలో దాన్ని తప్పుపట్టారు. అమ్మ అన్నం పెట్టకుండా పడుకోమంటే పిల్లలు హడలిపోతారని ఆయన వాదన. అప్పటికి ఆయన పుస్తకం చదవలేదు, తల్లులు చెప్పింది విని మాట్లాడారంతే. చదివి ఉంటే చివరి పేజీలో భోజనం ఇంకా వేడిగానే ఉందన్న సంగతి కనపడేది.

లైబ్రరీ_టీచర్
ఇంకొకటి. 1947లో వచ్చిన 'గుడ్‌నైట్ మూన్'ను న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1972 దాకా తీసుకోలేదు. అక్కడివాళ్ల అభిరుచికి అది సరిపడలేదు మరి. పాతికేళ్లు! ఆ పుస్తకం వింటూ నిద్రపోయిన పిల్లలు పెరిగి పెద్దవాళ్లయి తమ పిల్లలకు చదివి వినిపించే వయసుకు వచ్చేశారు. పెద్దవాళ్లకు నచ్చడం, పిల్లలకు పట్టడం రెండూ ఒకటి కాదని రోజూ నా కళ్లతో చూస్తుంటాను.

నిద్రగన్నేరు గారి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు. కొత్త పుస్తకం రాగానే నేను దాన్ని బల్ల మీద పెట్టి, పక్కన ఏదో పని చేసుకుంటున్నట్టు కూర్చుంటాను. పిల్లలు అట్ట చూస్తారు, మధ్యలో తెరుస్తారు. వెనక్కి తిప్పి ఒక బొమ్మ మళ్లీ చూశారంటే ఆ పుస్తకం బతికినట్టే. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి "ఇది చూడరా" అన్నారంటే ఇక నా రివ్యూ అయిపోయింది, అదే రాస్తాను. ఏ పేజీ దగ్గర వెనక్కి తిప్పారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ దిక్కులు చూశారు.

రెండోబెంచి
నాకు పదిహేనేళ్లు. టీనేజ్ పుస్తకాల రివ్యూలు మాకోసం రాయరు, మా అమ్మానాన్నల కోసం రాస్తారు. "నేటి యువత తప్పక తెలుసుకోవలసిన" అని మొదలవుతుంది. మేం ఆ గదిలోనే ఉన్నాం, మాతో కూడా మాట్లాడండి ప్లీజ్. నాకు తెలియాల్సినవి: ఇది సిరీస్‌లో మొదటిదా, కథ మధ్యలో ఆపేసి రెండో భాగం కొనుక్కోమంటారా? అందులోని టీనేజర్లు నిజంగా మాలా మాట్లాడతారా? లవ్ స్టోరీ కథకు కావలసి వచ్చిందా, ఊరికే ఇరికించారా? ముఖ్యంగా ముగింపు చెప్పకండి!!

గడియారంముల్లు
ముగింపు చెప్పేసేవాళ్లకు జరిమానా వేయాలి. వసూలైన డబ్బుతో రెండోబెంచికి పుస్తకాలు కొనిపెడదాం.

రెండోబెంచి
జరిమానా నేనే వసూలు చేస్తా 😄

తాతగారు_చదువరి
పిల్లల చేతే సమీక్ష రాయిస్తే సరిపోతుంది కదా. కొత్త ఆలోచనేమీ కాదు. 1936లో టోల్కీన్ నవల 'ద హాబిట్' రాతప్రతి ప్రచురణకర్త స్టాన్లీ అన్‌విన్ దగ్గరికి వస్తే, ఆయన దాన్ని తన పదేళ్ల కొడుకు రేనర్ చేతికిచ్చారు. ఒక షిల్లింగ్ ఇచ్చి అభిప్రాయం రాయమన్నారు. ఆ అబ్బాయి కథ నాలుగు ముక్కల్లో చెప్పి, మ్యాపులుంటే బొమ్మలు అక్కర్లేదని, ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలందరికీ నచ్చుతుందని తేల్చేశాడు. మరుసటి ఏడాది పుస్తకం వచ్చింది. ఇంతకంటే సూటైన సమీక్ష ఏ పెద్దమనిషి రాయగలడు?

పాతసంచిక
తాతగారూ, ఆ ఉదాహరణ నాకూ ఇష్టం. కానీ అదే చూడండి, పదేళ్లవాడు తొమ్మిదేళ్ల దాకానే అన్నాడు. తనకంటే చిన్నవాళ్లదని లెక్కేశాడు! ఆ పుస్తకాన్ని ఇప్పటికీ పెద్దలు చదువుతున్నారు. పిల్లలు తమకు నచ్చిందో లేదో కచ్చితంగా చెబుతారు. ఇంకెవరికి నచ్చుతుందో చెప్పడానికి పది పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు కావాలి. ఆ పని సమీక్షకుడిది.

లైబ్రరీ_టీచర్
రెండూ కావాలి. పిల్లల మాటలు వాళ్ల మాటల్లోనే వేసి, కింద మీరు రాయండి. పెద్దవాళ్లు దిద్దిన పిల్లల సమీక్షలు మాత్రం వద్దు. "ఈ పుస్తకం నన్ను ఎంతగానో ఆలోచింపజేసింది" అని ఎనిమిదేళ్ల పిల్ల రాయదు. ఆ వాక్యం వెనక ఎవరున్నారో అందరికీ తెలుసు.

బొమ్మలపెట్టె
"బొమ్మలు అక్కర్లేదు" అన్న రేనర్‌ని క్షమించేశాను, పదేళ్లవాడు కాబట్టి. పెద్ద సమీక్షకులను క్షమించను. నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. బొమ్మల పుస్తకం మీద పెద్ద వ్యాసం రాసి, బొమ్మలు వేసినవాళ్ల పేరు ఎక్కడా రాయని సమీక్షలు ఎన్ని చూశానో! రాసినా "ముచ్చటగా", "రంగురంగుల" అనే రెండు మాటలతో సరి.

బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు ఉంటుంది. పెద్ద కాగితాన్ని మడిచి కత్తిరిస్తే పేజీలు ఎనిమిది, పదహారు లెక్కన వస్తాయి, అందుకని. మొదట్లో పేరు, ప్రచురణ వివరాలకు పోగా కథకు మిగిలేది పన్నెండు, పద్నాలుగు జంట పేజీలు. ఏ మాట దగ్గర పేజీ తిప్పించాలి అన్నది పెద్ద పని. ఈ మధ్య ఒక కొత్త పుస్తకం చూశాను. ఎడమ పేజీలో ఒకే వాక్యం, "ఇంట్లో ఎవరూ లేరు". కుడి పేజీలో బొమ్మ. ఖాళీ గది, కిటికీ, తెర. తెర అంచు కింద సన్నగా ఒక తోక. వాక్యంలో తోక ఊసే లేదు. చదివి వినిపించే పెద్దవాళ్లు అక్షరాలు చూస్తూ దాటేస్తారు, చదవడం రాని పిల్ల ఆ తోకను ముందు పట్టేస్తుంది. ఆ ఒక్క పేజీలో పెద్దవాళ్లకంటే పిల్లకు ఎక్కువ తెలుసు. ఈ సంగతి ఒక్క సమీక్షలోనూ కనపడలేదు. అన్నింటిలోనూ "ధైర్యం గురించి చెప్పే కథ" అనే ఉంది.

వెన్నెలపిట్ట
బొమ్మలపెట్టె గారూ, ఆ పుస్తకం పేరు ప్రైవేట్‌గా పంపండి. ఇప్పుడే కొనాలి.

నిద్రగన్నేరు
నాక్కూడా! చూశారా, తోక గురించి రెండు వాక్యాలు చెప్పారు, పుస్తకం అమ్ముడైపోయింది. కథ మొత్తం చెప్పనవసరం లేదు.

గడియారంముల్లు
అన్నీ సరే, వయసు సంగతి? పుస్తకం మీద 6+, 9+ అని వేస్తే గొడవ వదిలిపోతుంది. సమీక్షలోనూ అదే ముందు రాయండి. మిగతాది తర్వాత.

లైబ్రరీ_టీచర్
గొడవ అక్కడే మొదలవుతుందండీ. 2008లో బ్రిటన్‌లో ప్రచురణకర్తలు అట్టల మీద వయసు అచ్చువేద్దామంటే ఫిలిప్ పుల్‌మన్ సహా ఎంతోమంది రచయితలు అడ్డం తిరిగారు. కారణం సూటిగానే ఉంది. పదకొండేళ్లవాడికి చదవడం కష్టంగా ఉంది, 7+ అని ఉన్న పుస్తకం వాడికి సరిగ్గా సరిపోతుంది. ఆ అంకె అట్ట మీద ఉంటే తోటివాళ్ల ముందు వాడు దాన్ని ముట్టుకోడు.

చదివే వయసు వేరు, ఆసక్తి వయసు వేరు. సమీక్షకులు ఈ రెండూ విడివిడిగా చెప్పాలి. 1998లో ఎడిన్‌బరోలో మొదలైన బారింగ్టన్ స్టోక్ అనే ప్రచురణ సంస్థ ఈ తేడా మీదే నిలబడింది. డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకూ, చదవడానికి మొండికేసేవాళ్లకూ పుస్తకాలు వేస్తారు. కథ పెద్ద పిల్లలది, వాక్యాలు తేలికవి. కాగితం తెల్లగా మెరవకుండా లేత పసుపులో, అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ప్రత్యేకమైన ఫాంట్‌లో ఉంటాయి. మన సమీక్షల్లో కాగితం రంగు గురించి, ఫాంట్ గురించి ఎవరైనా రాశారా? తెలుగు పుస్తకమైతే ఒత్తులు ఎంత దట్టంగా ఉన్నాయో, లైన్ల మధ్య చోటు చాలక పై లైను ఒత్తు కింది లైను గుడిని తాకుతోందో లేదో చెప్పాలి. అప్పుడే చదవడం నేర్చుకుంటున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు.

నిద్రగన్నేరు
అచ్చం మావాడి సంగతే. కథ నచ్చుతుంది, "నువ్వే చదువమ్మా" అంటాడు. అక్షరాలు కిక్కిరిసి ఉంటే మొహం తిప్పేస్తాడు.

లైబ్రరీ_టీచర్
ఒక చిన్న చిట్కా. ఏదో ఒక పేజీ తీసి చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. పేజీ పూర్తయ్యేలోపు ఐదూ ముడిస్తే ఆ పుస్తకం ఇప్పటికి మీరు చదివి వినిపించండి, పక్కన మాత్రం పెట్టొద్దు. వినడం కూడా చదువే.

కాగితప్పడవ
చదివి వినిపించే మాట వచ్చింది కాబట్టి. సమీక్షకులు దయచేసి ఒక పేజీ గట్టిగా చదివి చూడండి. చిన్నపిల్లల పుస్తకం ఒకసారి చదివి వదిలేసేది కాదు, "మళ్లీ" అంటే మళ్లీ చదవాలి. ఇరవయ్యోసారి కూడా నోటికి హాయిగా ఉందా? ఆ లయ కోసం మేం ఒక్కో వాక్యాన్ని నెలల తరబడి మారుస్తాం.

సంతోషి_పుస్తకాలు
కొత్తగా చేరాను. మా అబ్బాయి పన్నెండేళ్లవాడు, బొమ్మల నవలలు తప్ప ఏవీ చదవడు. వాటి సమీక్షలు చదవాలా, లేక మాన్పించి అసలైన పుస్తకాలు ఇవ్వాలా?

రెండోబెంచి
అవి అసలైన పుస్తకాలే అక్కా.

వెన్నెలపిట్ట
రెండోబెంచి చెప్పింది నిజం. అమెరికాలో పిల్లల పుస్తకాలకు 1922 నుంచి ఇస్తున్న న్యూబెరీ పతకం 2020లో జెర్రీ క్రాఫ్ట్ గ్రాఫిక్ నవల 'న్యూ కిడ్'కు వచ్చింది. ఆ పతకం అందుకున్న మొదటి గ్రాఫిక్ నవల అదే. ఒక గడికీ ఇంకో గడికీ మధ్య ఏం జరిగిందో పాఠకుడే ఊహించుకోవాలి, అది తేలికైన పని కాదు. వీటి సమీక్షల్లో చూడాల్సింది, గడుల వరస గందరగోళంగా ఉందా, ముఖాల్లో భావం తెలుస్తోందా, మాటల బుడగల్లో అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయా అని. మాన్పించకండి. వాడు చదువుతున్నాడు.

సంతోషి_పుస్తకాలు
హమ్మయ్య. టెన్షన్ తగ్గింది.

నిద్రగన్నేరు
టీనేజ్ పుస్తకాల్లో ఇంకో చిక్కు ఉంది. ఈమధ్య చావు, ఆత్మహత్య, వేధింపులు అన్నీ వస్తున్నాయి. మా అమ్మాయి చదవకూడదని కాదు. ముందే తెలిస్తే నేనూ చదివి సిద్ధంగా ఉంటాను కదా. సమీక్షల్లో "సున్నితమైన అంశాలున్నాయి" అని గుంభనంగా వదిలేస్తే నాకేం తెలుస్తుంది?

తాతగారు_చదువరి
అలాంటివి పిల్లలకు అసలు ఎందుకు? ఆ వయసులో సంతోషంగా ఉండే పుస్తకాలు చదవాలి.

రెండోబెంచి
తాతగారూ, కోపం తెచ్చుకోకండి. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ల నాన్న పోయారు. తను అందరితో మాట్లాడటం మానేసింది. తర్వాత తండ్రి పోయిన అమ్మాయి కథ ఒకటి చదివి, ఆ పుస్తకం తెచ్చి నాకిచ్చింది. నోటితో ఏం చెప్పలేదు, రెండు చోట్ల పెన్సిల్‌తో గీత గీసి ఉంది అంతే. అవి చదివాక తనతో ఏం మాట్లాడాలో నాకు తెలిసింది. సంతోషంగా ఉండే పుస్తకం అప్పుడు తనకి ఏం చేస్తుంది?

తాతగారు_చదువరి
నువ్వు చెప్పింది కాదనలేను తల్లీ. అయినా అందరు పిల్లలూ అన్ని వేళలా దానికి సిద్ధంగా ఉండరు. ఆ తేడా ఎవరో ఒకరు చెప్పాలి.

వెన్నెలపిట్ట
అందుకే ఏముందో, ఎలా ఉందో రెండూ చెప్పాలంటాను. "ఆత్మహత్య ప్రస్తావన ఉంది" అంటే సగమే. అది కథకు ముందే జరిగిపోయిందా, పేజీ మీద జరుగుతుందా? వర్ణన ఉందా? తర్వాత ఆ పిల్లకు చేయందించేవాళ్లు కథలో ఎవరైనా ఉన్నారా? ఇవి రాస్తే ముగింపు బయటపడదు, కొనేవాళ్లు తమ బిడ్డను బట్టి తేల్చుకుంటారు. చదవొచ్చా కూడదా అన్న తీర్పు సమీక్షకుడు ఇవ్వనక్కర్లేదు.

కాగితప్పడవ
దీనికి నా ఓటు. వివరం ఇవ్వండి, అనుమతి పత్రం ఇవ్వకండి.

పాతసంచిక
ఎవరి పిల్లలు పుస్తకంలో కనిపిస్తున్నారన్నది కూడా చేర్చండి. అమెరికా విద్యావేత్త రూడిన్ సిమ్స్ బిషప్ 1990లో అన్న మాట తెలిసిందే కదా, పుస్తకాలు పిల్లలకు అద్దాలూ కావాలి, కిటికీలూ కావాలని. తమలాంటివాళ్లు కనపడాలి, తమలాంటివాళ్లు కానివాళ్లూ కనపడాలి. అయితే ఇప్పుడు కొందరు సమీక్షకులకు ఇది కూడా టిక్కులు పెట్టే లిస్టు అయిపోయింది. వీల్‌చెయిర్‌లో ఒక పాత్ర ఉంటే చాలు, మార్కు వేసేస్తారు. ఆ పాత్ర అల్లరి చేస్తుందా, అబద్ధం చెబుతుందా, కథ నడుపుతుందా, లేక మిగతావాళ్ల మంచితనం చూపించడానికి అలా కూర్చుని ఉంటుందా? అక్కడిదాకా వెళ్లి రాయాలి.

గడియారంముల్లు
పాతసంచిక గారూ, ఇంత బాగా చెబుతున్నారు, బాగాలేని పుస్తకాల మీద ఊరుకుంటానన్నారేం? మీ చేత తిట్టించుకున్నా రచయితలకు లాభమే.

పాతసంచిక
తిట్టను. కానీ కాగితప్పడవ గారు చెప్పిన పద్ధతి బాగుంది, వాక్యం ఎత్తి చూపి ఎందుకు కుదరలేదో చెప్పడం. అంతవరకు నాకు సమ్మతమే. కాకపోతే మొదటి పుస్తకానికి ఒకలా, పదో పుస్తకానికి ఒకలా రాస్తాను. ఆ మాత్రం తేడా ఉండాలి.

నిద్రగన్నేరు
ఆ తేడాకి నేను ఒప్పుకోను. ఆ పుస్తకం రచయితకు మొదటిదైతే మావాడికేం తెలుసు? వాడికి నచ్చకపోతే వాడు ఇక పుస్తకమే పట్టుకోడు. నేను వాడి వైపు.

లైబ్రరీ_టీచర్
నేనూ వాడి వైపే.

బొమ్మలపెట్టె
ఇంకొక్కటి. పుస్తకం ఉచితంగా వచ్చిందా, రచయిత స్నేహితుడా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పేయండి. అమెరికాలో బ్లాగర్లు ఇలాంటివి వెల్లడించాలని 2009లోనే మార్గదర్శకాలు వచ్చాయి. ఒకే వారంలో ఒకే పుస్తకం మీద ఒకే మాటలతో పది సమీక్షలు వస్తే మాకు అర్థం కాదనుకుంటారో ఏమో.

మోడరేటర్
"కొత్త పుస్తకాలు: పిల్లలు, టీనేజర్లు" అని విడిగా ఒక చర్చ తెరిచాను. రచయిత పేరు, బొమ్మలు వేసినవారి పేరు తప్పనిసరి. ముగింపు రాస్తే పోస్టు తీసేస్తాను. ఉచిత ప్రతి అయితే చెప్పండి. ఎవరు చదివారు, ఏ వయసువాళ్లు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఆపేశారు అన్నది రాస్తే చాలు, వ్యాసం అక్కర్లేదు.

రెండోబెంచి
పూర్తిగా చదవని పుస్తకం మీద రాయొచ్చా? ఒకటి 112వ పేజీ దగ్గర వదిలేశాను.

పాతసంచిక
సమీక్ష అన్నాక పూర్తిగా చదవాలి. బెటెల్‌హైమ్ సంగతి పైన చూశాం కదా.

వెన్నెలపిట్ట
ఆయన తెరవకుండానే తీర్పు చెప్పారు, ఈ అమ్మాయి 112 పేజీలు చదివి చెబుతోంది. ఫ్రెంచి రచయిత డానియెల్ పెనాక్ 1992లో పాఠకుడి హక్కులని పది రాస్తే అందులో పుస్తకం సగంలో ఆపేసే హక్కు కూడా ఉంది. ఆపేశానని చెప్పి రాస్తే తప్పేముంది?

లైబ్రరీ_టీచర్
నాకైతే అదే ఎక్కువ కావాలి. టీనేజర్లు ఎక్కడ వదిలేస్తున్నారో తెలిస్తే నేను ఆ పుస్తకం ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తేల్చుకుంటాను. రాయమ్మా. ఏ పేజీలో ఆపావు, ఆ పేజీలో ఏం జరుగుతోంది, నీకు ఏం విసుగొచ్చింది.

రెండోబెంచి
సరే, రాత్రికి పెడతా. పాతసంచిక గారూ, "పూర్తిగా చదవలేదు" అని మొదటి లైన్లోనే వేస్తాను, ఓకేనా?

పాతసంచిక
అలాగైతే ఓకే. సిరీస్‌లో ఎన్నో భాగమో కూడా రాయి.